మావయ్యకు అందని మొగలి వాసన

మావయ్య వీధి గుమ్మం ఎక్కకముందే ఆయన వచ్చిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. ముందు మొగలి వాసన వచ్చేది. తర్వాత చెప్పులు విడిచిన చప్పుడు. ఆ తర్వాత మనిషి. బరంపురంలో మా ఇంటికి ఆయన వచ్చి వెళ్లిన రెండు మూడు రోజుల దాకా పడక్కుర్చీ గుడ్డలో ఆ వాసన నిలిచి ఉండేది. అమ్మ ఆ గుడ్డను వెంటనే ఉతకనిచ్చేది కాదు. "ఉండనీ, మా అన్నయ్య ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుంది" అనేది.

మాది గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగాం. మనం మొగలి అనే పువ్వును ఒడియావాళ్లు కియా అంటారు, అత్తరు వ్యాపారులు కేవడా అంటారు. ఛత్రపురం, చికిటి, రంగేయిలుండ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో పొలం గట్ల మీద కంచెగా మొగలి పొదలే ఉంటాయి. మా మావయ్య అక్కడి ఒక అత్తరు భట్టీలో గుమాస్తా. పువ్వులు లెక్కపెట్టి కొనడం, ఖాతా రాయడం ఆయన పని.

మొగలి అనగానే చాలామందికి పూలజడలో కుట్టే లేతపసుపు రేకులే గుర్తొస్తాయి. పొదలోకి చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఇంకోటి గుర్తొస్తుంది. కత్తిలాంటి పొడవాటి ఆకు, దానికి రెండు అంచుల్లోనూ ముళ్లు, అవి చాలవన్నట్టు నడిమి ఈనె అడుగున ఇంకో వరస. చెయ్యి లోపలికి పోయేటప్పుడు ఏమీ అనవు. వెనక్కి లాగేటప్పుడు పట్టుకుంటాయి. మావయ్య కుర్రతనంలో పువ్వులు కోసిన మనిషి. ఆయన ముంజేతుల నిండా ఆనాటి గీతలుండేవి, దగ్గరదగ్గరగా, రూళ్ల కాగితం మీది గీతల్లా. చిన్నప్పుడు నేను వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. ఏ రోజూ లెక్క పూర్తి కాలేదు.

మగచెట్టు పువ్వుకే వాసన. ఆడచెట్టుకు అనాసపండులాంటి కాయ వేలాడుతుంది, వాసన ఉండదు. పొదల్లో నాగుపాములుంటాయని ఊరంతా నమ్మకం. అందుకే కోతకు వెళ్లేవాళ్లు ముందు కర్రతో పొద మొదట్లో తట్టి, కాసేపు ఆగి, అప్పుడు దోటి ఎత్తేవాళ్లు. వానాకాలం పంటే పెద్దది. తెల్లవారుజామున దోటికి కట్టిన కొడవలితో కోసి, ఎండెక్కకముందే భట్టీకి చేర్చేవాళ్లు. అక్కడ మావయ్య నేల మీద కూర్చుని వందల చొప్పున లెక్కపెట్టేవాడు. పువ్వు పొరలు కదిలినప్పుడల్లా తెల్లటి పుప్పొడి రాలి ఆయన వేళ్లకూ, మోకాళ్లకూ, ఖాతా పుస్తకానికీ అంటుకునేది. ఆ పుస్తకంలో ఏ పేజీ తిప్పినా పొడి లేచేది. ఆయన రాసిన అంకెల మీద కూడా పుప్పొడి ఉండేది.

1991లో నాకు కామెర్లు వచ్చాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. జబ్బు తగ్గాక పథ్యం బాగా జరుగుతుందని అమ్మ నన్ను మావయ్య ఊరికి పంపింది. ఆషాఢం, ఎడతెగని ముసురు. అత్తయ్య పెట్టే పథ్యపు కూరలూ, పల్చటి మజ్జిగా, దాంతో పాటు రాత్రింబగళ్లూ భట్టీ వైపునుంచి వచ్చే ఆవిరి వాసన. నా సంచిలో ఒక స్నేహితుడు కలకత్తా పేవ్‌మెంటు మీద కొని తెచ్చిన పాత పుస్తకం ఉంది. పాట్రిక్ జ్యూస్కిండ్ రాసిన 'పెర్ఫ్యూమ్'. 1985లో జర్మన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది ఇంగ్లీషులోకి వెళ్లింది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సు కథ. జాఁ బాప్తిస్త్ గ్రెనూయ్ అనే కుర్రవాడికి లోకంలోని ప్రతి వాసనా తెలుస్తుంది. ఆ వాసనల కోసం అతడు ఎంత దూరమైనా వెళతాడు, చివరికి హత్యల దాకా వెళతాడు.

ఒక రాత్రి మావయ్య నా పక్కన కూర్చుని "ఏం పుస్తకం అల్లుడూ అది, అన్నం కూడా మరిచి చదువుతున్నావు?" అని అడిగాడు. వాసన గురించిన నవల అన్నాను. ఆయన లాంతరు వత్తి పెంచి నా వైపు జరిపాడు. "చదువు, వింటాను" అన్నాడు. ఆయనకు తెలుగూ ఒడియా బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. అలా మొదలైంది. ఒక్కో వాక్యం నాలో నేను చదువుకోవడం, దాన్ని తెలుగులో చెప్పడం. ఇరవై రోజులకు పైగా, రోజూ రాత్రి భోజనాలయ్యాక అదే పని.

మొదటి పేజీలోనే చిక్కుకుపోయాను. ఆ నవల ఆనాటి పారిస్ నగరపు కంపుతో మొదలవుతుంది. వీధులూ, మెట్లదారులూ, వంటిళ్లూ, తోళ్లు పదును చేసే చోట్లూ, మనుషుల నోళ్లూ, నదీ. 1738 జూలై 17న, ఏడాదిలోకెల్లా వేడి రోజుల్లో ఒకనాడు, శ్మశానం పక్క చేపల బల్ల కింద ఆ బిడ్డ పుడతాడు. ఇంగ్లీషు ఒకే మాటతో నెట్టుకొచ్చిన చోట నేను కూడా "కంపు, కంపు" అంటూ పోతుంటే మావయ్య ఆపాడు. "అన్నీ కంపులేనా? చేపదైతే నీచు. వెంట్రుకలు కాలితే కమురు. తడిసి ఆరని బియ్యమైతే ముక్క వాసన. రాగి పాత్రలో పెరుగైతే చిలుము. దేని పేరు దానికి పెట్టు" అన్నాడు. వంటింట్లోంచి అత్తయ్య కూడా అందుకుంది. పాచి వాసన, మాడు వాసన, అడుగంటిన వాసన, పులిసిన వాసన, పసిపిల్లల తల దగ్గరి పాలవాసన. ఆ రాత్రి మేం పుస్తకంలో మూడు పేజీలు కూడా దాటలేదు. అయినా నేను ఆ నవలలోకి నిజంగా అడుగుపెట్టింది ఆ రాత్రే. అంతకుముందు ఇంగ్లీషులో చదివినప్పుడు అర్థమైంది గానీ ముక్కుకు తగల్లేదు.

బాల్దీనీ అనే ముసలి అత్తరువాడి దగ్గర గ్రెనూయ్ పువ్వుల్ని మరిగించి ఆవిరినుంచి సారం దించడం నేర్చుకునే భాగం వచ్చేసరికి మావయ్య ఇంకా దగ్గరికి జరిగాడు. ఆ రాగి పాత్ర ఎంత పెద్దది, మూత ఎలా బిగించారు, ఆవిరి ఏ గొట్టంలోంచి పోయింది, అన్నీ అడిగాడు. తన భట్టీతో పోల్చుకున్నాడు. ఇక్కడ పెద్ద రాగి డేగులో పువ్వులూ నీళ్లూ పోసి, మూతకు గుడ్డా బంకమట్టీ కలిపి మెత్తుతారు. డేగునుంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఇంకో రాగి బిందెలోకి వెళుతుంది. గొట్టం పేరు చోంగా, బిందె పేరు భప్కా. భప్కా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది, దాంట్లో ముందుగానే గంధపు నూనె పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడి ఆ నూనెలోకి దిగుతుంది. మర్నాడు డేగులోకి కొత్త పువ్వులు, భప్కాలో మాత్రం అదే నూనె. ఇలా రోజుల తరబడి. గంధం ఇక పట్టలేనంతగా మొగలిని తాగాక అది అత్తరు. నూనె లేకుండా పువ్వు సారాన్నే తీస్తే రూహ్. రూహ్ అంటే ఆత్మ.

"వాళ్లకు వెదురు దొరకదా?" అని మాత్రం అడిగాడు మావయ్య. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. భట్టీలో ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. పొయ్యి దగ్గర గడియారం ఉండేది కాదు. ఆయన తొట్టిలోకి చెయ్యి పెట్టి భప్కా వీపు తడిమి, ఎంత వేడెక్కిందో చూసి, మంట తగ్గించమనో పెంచమనో చెప్పేవాడు. మావయ్యకు ఆయనంటే గురువుతో సమానం. మల్లె, జాజి లాంటి పువ్వుల్ని భట్టీలో మరిగించకుండా నువ్వుల మధ్య పొరలుగా పరిచి, వాడిపోయాక కొత్తవి మారుస్తూ, చివరికి ఆ నువ్వుల్ని గానుగ ఆడించే పద్ధతి ఉందని ఆయనే చెప్పాడట. తర్వాత నవలలో గ్రాస్ పట్టణం వచ్చింది. అక్కడ కొవ్వు పూసిన పలకల మీద మల్లెలు పరిచి, వాడిన పువ్వు తీసి కొత్తది పెడుతూ, కొవ్వుకు వాసన పట్టిస్తారు. అది చదవగానే మావయ్య అరుగు మీద చరిచాడు. "చూశావా, మన నువ్వులు పడే పాటే వాళ్ల కొవ్వు పడుతోంది!" ఎక్కడో ఫ్రాన్సులో, ఎన్నడో రెండు వందల ఏళ్ల కిందట పనిచేసినవాళ్లు తన తోటి పనివాళ్లయినట్టు ఆ రోజంతా సంబరపడ్డాడు.

గ్రాస్ కంటే ముందు ఒక గుహ ఉంది. నేను చెప్పదలుచుకున్నది ఆ గుహ గురించే.

మనుషుల వాసన భరించలేక గ్రెనూయ్ కాంతల్ కొండల్లో ఒక గుహలోకి వెళ్లి ఏడేళ్లు ఒంటరిగా ఉంటాడు. కథ అక్కడ సాగలేదని, విసుగొస్తుందని అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం పుస్తకానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఒక రాత్రి అతడికి కల వస్తుంది. తన ఒంటి వాసనే పొగమంచులా లేచి తనను ముంచేస్తుంది. ఊపిరాడదు, అయినా ఆ వాసన తెలియదు. ఉలిక్కిపడి లేచి, బయటికొచ్చి, తన చేతులు, చంకలు, బట్టలు అన్నీ వాసన చూసుకుంటాడు. రాయి తెలుస్తుంది, నాచు తెలుస్తుంది, దూరాన ఉన్నవి తెలుస్తాయి. తాను మాత్రం తెలియడు. అతడికి ఒంటి వాసన అనేదే లేదు.

ఆ పేజీ అయిపోయింది. మావయ్య ఏమీ మాట్లాడలేదు. చూరునుంచి నీళ్లు ధార కట్టి పడుతున్నాయి. కొంతసేపటికి "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. చంకలు వాసన చూసుకునే చోటుకు వచ్చేసరికి ఆయన తన కుడిచేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అల్లుడూ, నాకు మొగలి వాసన రాదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన తలుపు తీస్తేనే ఇల్లంతా మొగలి. "ఎప్పటినుంచి?" అని అడిగాను.

"పదిహేనేళ్ల పైమాటే. తక్కినవన్నీ వస్తాయి. పులుసు మరిగితే వస్తుంది, వాన వస్తుంటే మట్టి వాసన వస్తుంది. ఇదొక్కటే రాదు."

అప్పుడు నాకు ఆ సీసా గుర్తొచ్చింది. దేవుడి గూటి పక్కన చిటికెన వేలంత రూహ్ సీసా ఒకటి ఉండేది. మావయ్య రోజూ పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, దాని మూత తీసి, కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఆ సుఖం కోసమే అలా చేస్తాడని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఆయన చూసుకుంటున్నది వేరు. ఇవాళైనా వస్తుందేమోనని. పదిహేనేళ్లు, ఒక్క పూటైనా తప్పకుండా.

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "మరి పండక్కి నాకు రేకులు తెచ్చినప్పుడల్లా, వాసన చూసి, బాగున్నవి ఏరి ఇచ్చేవారు కదా?" అంది.

"చూసినట్టు పట్టుకునేవాణ్ణి. కంటితో చూసి ఏరేవాణ్ణి. రంగును బట్టి తెలుస్తుంది" అన్నాడు మావయ్య.

అత్తయ్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, ఇంకో లాంతరు వెలిగించి తెచ్చి, మా మధ్య పెట్టి, తనూ కూర్చుంది. ఆ రోజునుంచి నవల ముగ్గురం కలిసి చదివాం.

తర్వాత కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇప్పుడు దాన్ని వివరించగలను. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియనట్టే. మొగలి పరిమళంలో ముఖ్యమైన ద్రవ్యం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్, గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు దగ్గరి చుట్టం. పేరు ఎంత పొడవున్నా పదార్థం ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మావయ్య ముక్కు తనలోకి రానివ్వడం మానేసింది. ఆ రాత్రి ఇదంతా చెప్పేంత చదువు నాకు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.

గ్రెనూయ్‌కు లోకమంతా వాసనే, తన వాసన లేదు. మావయ్య దగ్గరినుంచి అందరికీ వాసన వచ్చేది, ఆయనకే రాలేదు. ఇద్దరినీ కలిపి చూడటం నాకు ఆ వయసులో భయం వేసింది. ఒకడు హంతకుడు, ఇంకొకాయన మా అమ్మ అన్నయ్య. కానీ ఆ పోలిక నేను తేలేదు, మావయ్యే తెచ్చాడు. మర్నాడు పొద్దున్న నూతి దగ్గర పళ్లు తోముకుంటూ, "వాసన అని మనవాళ్లు రెండింటికీ ఒకే మాట ఎందుకు పెట్టారో తెలిసింది" అన్నాడు. "ముక్కుకు తగిలేదీ వాసనే, పూర్వజన్మనుంచి వెంట వచ్చేదీ వాసనే. ఆ కుర్రవాడికి ముక్కు వాసన కాదు పట్టింది, ఆ రెండో వాసన. వదిలిపెట్టనిది. నేను సీసా మూత తీయకుండా ఉండలేకపోయినట్టు."

ఆ పుస్తకం మీద ఆ తర్వాత చాలా చదివాను. 2006లో వచ్చిన సినిమా కూడా చూశాను, కన్నులపండుగగానే తీశారు. గ్రెనూయ్‌ను పట్టుకున్న ఆ పిచ్చికి మావయ్య నూతి దగ్గర చెప్పినంత సరైన మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

గ్రాస్‌లో హత్యలు మొదలయ్యాక మావయ్య మొహం మారిపోయింది. గ్రెనూయ్ ఇరవై అయిదుగురు ఆడపిల్లల్ని చంపి, పువ్వునుంచి తీసినట్టు వాళ్లనుంచి వాసన తీస్తాడు. కొవ్వు, గుడ్డ, అదే పద్ధతి. నువ్వులతో పోల్చి సంబరపడినందుకు ఆయన ఎంత బాధపడ్డాడో. "మేం పువ్వు కోసేటప్పుడు పొదను ఉంచుతాం. పొద ఉంటేనే మళ్లీ పువ్వు. వీడికి మళ్లీ అనేది లేదు" అన్నాడు. అత్తయ్య అయితే చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ లేచి వెళ్లిపోయింది. ఆఖరి అధ్యాయం ఆమె వినలేదు. అది ఎలా ముగిసిందో ఆమెకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

శివుడికి మొగలి పువ్వు పనికిరాదు. లింగం కొస చూశానని బ్రహ్మ చెప్పిన అబద్ధానికి సాక్ష్యం పలికినందుకు శాపం. అందుకని మావయ్య శివాలయానికి వెళ్లే రోజు రెండుసార్లు తలస్నానం చేసేవాడు, కుంకుడు రసంతో రుద్దుకుని. "పోయిందా?" అని అత్తయ్యను అడిగేవాడు. ఆమె దగ్గరికి వచ్చి చూసి, "ఇంకా ఉంది" అంటే మూడో చెంబు. ఇదంతా చిన్నప్పటినుంచి చూస్తున్నాను. ఆయన ఎందుకు అడిగేవాడో ఆ వానాకాలంలో తెలిసింది. తనకు తెలిసే దారి లేదు మరి.

తర్వాత్తర్వాత గంధపు నూనె ధర కొండెక్కింది. గంధం బదులు పారఫిన్ నూనె పోయడం మొదలైంది. కన్నౌజ్ పెద్దాయన ఒక ఏడాది వెళ్లి తిరిగి రాలేదు. మావయ్యకు కీళ్లు పట్టేసి నేల మీద కూర్చుని లెక్కపెట్టలేకపోయాడు. 1996 ఉగాది వెళ్లాక భట్టీ పని మానుకుని, అత్తయ్యను తీసుకుని విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్లాడు. ఖాతా పుస్తకాలు యజమానికి అప్పగించాడు. దేవుడి గూటి పక్కన ఉన్న సీసా అక్కడే వదిలేశాడు.

భాద్రపదంలో ఒక ఉదయం, అయిదు నెలల తర్వాత, మా ఇంటికి వచ్చాడు. రైలు దిగి నేరుగా. నేనప్పుడు సెలవుకు వచ్చి ఇంట్లోనే ఉన్నాను. మొదట చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో అనుకున్నాను.

గుమ్మంలో నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. ఇచ్ఛాపురం దాటాక సిగ్నల్ లేక బండి ఆగిందట. తెల్లవారుతోంది. కిటికీలోంచి గాలి వచ్చింది. ముందు ఏమిటో తెలియలేదట. ఎవరైనా పెళ్లివారు ఎక్కారేమో, వాళ్ల జడల్లో ఉందేమో అని పెట్టెంతా చూశాడట. తర్వాత బయటికి చూస్తే గట్టు పొడుగునా మొగలి పొదలు. "కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నాను అల్లుడూ. పక్కనున్నవాళ్లు ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బండి కదులుతుంటే లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. బరంపురం దాకా వస్తూనే ఉంది, పోతూనే ఉంది, మళ్లీ వస్తూనే ఉంది."

అమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఆమెకు అందించాడు.

"నా దగ్గర వస్తోందేమో చూడమ్మా" అన్నాడు.

అమ్మ దాన్ని రెండు చేతులతో ముఖానికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"లేదన్నయ్యా" అంది. "రైలు పొగ వాసన వస్తోంది. సబ్బు వాసన వస్తోంది. అది లేదు."